కొవ్వాడలో మొదట కట్టాల్సిన గది

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు తెల్లవారకముందే జనం బారులు తీరతారు. తొలి కిరణాలు అనివెట్టి మండపం మీదుగా గర్భాలయంలోకి చొచ్చుకొచ్చి మూలవిరాట్టు పాదాలను తాకే ఆ కాసేపటి కోసం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచే కాక ఒడిశా నుంచి కూడా వస్తారు. మబ్బు పట్టిందంటే నిరాశగా వెనుదిరుగుతారు. భక్తి సంగతి అలా ఉంచితే, అక్కడ ఇంకో పని కూడా జరుగుతోంది. ఎన్నో తరాల కిందట ఒక స్థపతి వేసిన లెక్క నిజమైన సూర్యుడితో ఇప్పటికీ సరిపోతోందా అన్నది ఏడాదికి రెండుసార్లు, తేదీ ముందే చెప్పి మరీ, అందరి కళ్లెదుట తేలుతోంది.

ఇలా పదేపదే సరిచూసుకోవాల్సిన లెక్క అదే శ్రీకాకుళం జిల్లాలోకి ఇంకొకటి రాబోతోంది. అరసవల్లి నుంచి విశాఖ వైపు జాతీయ రహదారి మీద వెళ్లి రణస్థలం దగ్గర సముద్రం వైపు తిరిగితే కొవ్వాడ వస్తుంది. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు ఏపీ1000 రియాక్టర్లు, మొత్తం 7,248 మెగావాట్ల అణు విద్యుత్ కేంద్రం అక్కడ కట్టాలన్నది కేంద్ర ప్రభుత్వ ఆలోచన. స్థలానికి సూత్రప్రాయ ఆమోదం 2009 నాటిది. మొదట జీఈ-హిటాచీ పేరు వినిపించింది. 2016 జూన్‌లో మోదీ, ఒబామాల సంయుక్త ప్రకటనతో అది వెస్టింగ్‌హౌస్ చేతికి వచ్చింది. మరుసటి ఏడాది మార్చిలోనే ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, ఆ తర్వాత యాజమాన్యం మారి కోలుకుంది. రామచంద్రపురం, గూడెం, కోటపాలెం, జీరుకొవ్వాడ ప్రజలు మాత్రం ఇన్నేళ్లూ భూమి, పరిహారం, పునరావాసం చుట్టూనే తిరుగుతున్నారు. వేట మీద బతికే కుటుంబాలకు సముద్రానికి దూరంగా ఇల్లు ఇస్తే ఎలా అన్న ప్రశ్న న్యాయమైనది. దానికి ఇంకా సరైన జవాబు రాలేదు.

అణు విద్యుత్ కావాలా వద్దా అన్నది పెద్ద చర్చ, అది జరగాల్సిందే. అయితే కట్టడమంటూ ఖాయమైతే, ఆ ఊళ్ల భద్రతకు ప్రాణంలాంటి ఒక గది గురించి ఇప్పటిదాకా ఏ సభలోనూ ఎవరూ గట్టిగా అడిగినట్టు కనిపించదు. అది ఆపరేటర్లకు తర్ఫీదు ఇచ్చే సిమ్యులేటరు గది.

అచ్చం కంట్రోల్ రూమ్‌లాగే ఉంటుంది. అవే తెరలు, అవే స్విచ్‌లు, అవే అలారాల మోత. తేడా ఏమిటంటే గోడ అవతల రియాక్టరు ఉండదు, కంప్యూటర్లు ఉంటాయి. న్యూట్రాన్లు ఎలా పెరుగుతాయి, నీరు ఎక్కడ ఆవిరవుతుంది, ఏ పంపు ఆగితే ఏ పైపులో పీడనం ఎంత పడుతుంది అన్న సమీకరణాలను అవి క్షణక్షణం విప్పుతూ, ఫలితాలను ఆపరేటరు ముందున్న మీటర్లకు పంపిస్తుంటాయి. పక్క గదిలో ఇన్‌స్ట్రక్టరు కూర్చుంటాడు. ఒక మీట నొక్కి పైపు పగలగొడతాడు, ఇంకో మీటతో గ్రిడ్ కరెంటు తీసేస్తాడు. షిఫ్టు సిబ్బంది ఏం చేస్తున్నారో, ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో అద్దంలోంచి చూస్తాడు. తప్పు జరిగితే అక్కడే ఆపి, నిమిషాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చేయిస్తాడు. నిజమైన రియాక్టరులో ఆ సౌకర్యం లేదు.

అందుకే సిమ్యులేటరు చెప్పేది నిజం అయి తీరాలి. సిమ్యులేటరు అసలే లేకపోతే ఆపరేటరుకు తనకు తెలియదన్న సంగతైనా తెలుస్తుంది. తప్పుడు సిమ్యులేటరు మీద నేర్చుకున్నవాడికి మాత్రం అన్నీ తెలుసన్న ధీమా ఉంటుంది, చేతులు వాటంతట అవే తప్పు వైపు కదులుతాయి.

ఇది ఊహ కాదు. 1979 మార్చి 28 తెల్లవారుజామున నాలుగు గంటలకు అమెరికాలోని పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో జరిగింది ఇదే. నీటి సరఫరా ఆగి పీడనం పెరగడంతో, ఆ పీడనాన్ని అదుపులో ఉంచే ప్రెషరైజర్ మీదున్న రిలీఫ్ వాల్వు తెరుచుకుంది. పీడనం తగ్గాక మూసుకోవాల్సిన ఆ వాల్వు మూసుకోలేదు. ప్యానెల్ మీద లైటు మాత్రం అంతా బాగానే ఉందన్నట్టు చూపించింది. ఆ లైటు చెప్పేది వాల్వుకు మూసుకోమని ఆదేశం వెళ్లిందని మాత్రమే. వాల్వు నిజంగా మూసుకుందో లేదో చెప్పే ఏర్పాటు దానికి లేదు. రియాక్టరు నీరు ఆ కంతలోంచి కారిపోతోంది, పీడనం పడిపోతోంది, కానీ ప్రెషరైజర్‌లో నీటిమట్టం పెరుగుతున్నట్టు మీటరు చూపిస్తోంది. ప్రెషరైజర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ నీటితో నిండిపోనివ్వకూడదని ఆపరేటర్లకు తర్ఫీదులో నూరిపోశారు. అందుకే కొద్ది నిమిషాల్లోనే, దానంతట అది మొదలైన అత్యవసర శీతలీకరణ నీటిని తామే తగ్గించేశారు. పారిపోతున్న నీటికి అడ్డుకట్ట వేసే బ్లాక్ వాల్వును మూసేసరికి రెండు గంటల ఇరవై నిమిషాలు దాటింది. రియాక్టరు గుండెకాయ దాదాపు సగం కరిగిపోయింది.

ఆ ఆపరేటర్లు తర్ఫీదు పొందింది వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో, రియాక్టరు తయారుచేసిన బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ సంస్థ సిమ్యులేటరు మీద. ప్రమాదంపై దర్యాప్తు చేసిన కెమెనీ కమిషన్ నివేదిక అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. ఆ రోజు కంట్రోల్ రూమ్‌లో కనిపించిన పరిస్థితిని, అంటే పీడనం పడుతుండగా నీటిమట్టం పెరగడాన్ని, చూపించేలా ఆ సిమ్యులేటరుకు ప్రోగ్రాం రాయనే లేదని కమిషన్ తేల్చింది. కమిషన్ అధ్యక్షుడు జాన్ కెమెనీ గణిత శాస్త్రవేత్త, బేసిక్ అనే కంప్యూటర్ భాషను రూపొందించిన ఇద్దరిలో ఒకరు. ప్రోగ్రాంలో రాయనిది తెర మీదికి రాదన్న సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకోటి ఉంది. సరిగ్గా అలాంటి ఘటనే పద్దెనిమిది నెలల ముందు, 1977 సెప్టెంబరులో, ఒహాయోలోని డేవిస్-బెస్ కేంద్రంలో జరిగింది. అదే సంస్థ రియాక్టరు, అలాగే తెరుచుకుని ఉండిపోయిన వాల్వు, అలాగే నీటిని తగ్గించిన ఆపరేటర్లు. అప్పుడు రియాక్టరు చాలా తక్కువ శక్తి మీద నడుస్తుండటంతో, వాల్వు సంగతి ఇరవై నిమిషాల్లో కనిపెట్టడంతో గండం గడిచింది. నిజమైన ప్లాంటు నేర్పిన ఆ పాఠం సిమ్యులేటరు దాకా చేరి ఉంటే 1979 నాటి కథ వేరుగా ఉండేది.

పరికరం చూడని చోటును మనిషీ చూడలేడన్నది ఉత్తరాంధ్రకు కొత్తగా చెప్పాల్సిన పాఠం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీద పడి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉందని, పైపొరల్లో వేడి ఎంత పెరిగిందో తెలిసే వీలు లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపింది. ఆ రోజు రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని చూసిన ప్రాంతానికి, అంతకన్నా ఎన్నో రెట్లు జటిలమైన యంత్రాన్ని తెస్తున్నవాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.

త్రీ మైల్ ఐలండ్ తర్వాత అమెరికా కళ్లు తెరిచింది. సిమ్యులేటరు ఎలా ఉండాలో, దాన్ని ఎలా పరీక్షించాలో చెప్పే అమెరికన్ న్యూక్లియర్ సొసైటీ 3.5 ప్రమాణం 1979లోనే వచ్చింది, తర్వాత చాలాసార్లు సవరించారు. 1987లో నిబంధనలు మార్చి, ఏ ప్లాంటు ఆపరేటరుకు ఆ ప్లాంటును పోలిన సిమ్యులేటరు మీదే పరీక్ష పెట్టే పద్ధతి తెచ్చారు. సిమ్యులేటరు వాడుకలో ఉన్నంత కాలం పనితీరు పరీక్షలు జరుపుతూనే ఉండాలి, తేడాలు బయటపడితే సరిచేయాలి, పరీక్ష ఫలితాలను నాలుగేళ్లు భద్రపరిచి నియంత్రణ సంస్థ అడిగితే చూపాలి.

ఈ పరీక్షలు చూడటానికి సాదాసీదాగా ఉంటాయి. రియాక్టరు నిలకడగా నడుస్తున్నప్పుడు వేర్వేరు శక్తి స్థాయుల దగ్గర ప్లాంటు మీటరు ఎంత చూపించింది, సిమ్యులేటరు ఎంత చూపిస్తోంది అన్నది పక్కపక్కన పెట్టి చూస్తారు. టర్బయిన్ ట్రిప్ అయినప్పుడు పీడనం ఎన్ని సెకన్లలో ఎంత మారిందో రెండు గీతల్ని ఒకదాని మీద ఒకటి వేసి చూస్తారు. కంప్యూటరు లెక్క గడియారంతో సమానంగా నడుస్తోందా, వెనకబడుతోందా అని చూస్తారు. ఒకే లోపాన్ని రెండుసార్లు ప్రవేశపెడితే రెండుసార్లూ ఒకే ఫలితం రావాలి. రేపు షిఫ్టు సిబ్బందికి ఇవ్వబోయే కసరత్తును ఇవాళ ఇన్‌స్ట్రక్టర్లే మొదటి నుంచి చివరిదాకా ఆడించి, అసహజంగా ఏదైనా కనిపిస్తే రాసిపెడతారు. అలా రాసిన ప్రతి తేడాకూ ఒక నంబరు, ఒక బాధ్యుడు, ఒక గడువు ఉండాలి.

మొదటి రోజు అచ్చుగుద్దినట్టు ఉన్న సిమ్యులేటరు కూడా కాలంతో ప్లాంటుకు దూరమవుతుంది. ప్లాంటులో ఒక పంపు మారుస్తారు, ఒక అలారం సెట్టింగు సవరిస్తారు, ఒక వాల్వు కాస్త నిదానంగా మూసుకోవడం మొదలుపెడుతుంది. ఇంధనం మార్చిన ప్రతిసారీ రియాక్టరు స్వభావమే కొంత మారుతుంది. ఏపీ1000లో సుమారు పద్దెనిమిది నెలలకోసారి ఇంధనం మారుస్తారు. కంట్రోల్ సిస్టం సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్ వస్తుంది. వీటిలో ఏది సిమ్యులేటరు గదికి చేరకపోయినా ఆ రోజు నుంచి అక్కడ నేర్పేది వేరే ప్లాంటు గురించి. పాత రియాక్టర్లలో స్విచ్‌లు, మీటర్లు కళ్లకు కనిపించేవి కాబట్టి తేడా త్వరగా పట్టుబడేది. ఏపీ1000 కంట్రోల్ రూమ్ అంతా తెరల మీద నడుస్తుంది. పాటించాల్సిన పద్ధతులు కూడా కంప్యూటరే అడుగడుగునా చూపిస్తుంది. సాఫ్ట్‌వేరులో ఒక వరుస మారితే అది తెర మీద ఏ మూలా కనిపించకపోవచ్చు.

విమానయానంలోనూ ఇదే అనుభవం. 2018 అక్టోబరులో, 2019 మార్చిలో రెండు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయాక, ఆ విమానం సిమ్యులేటరు సాఫ్ట్‌వేరులో లోపాలున్నాయని, కొన్ని పరిస్థితుల్ని అది చూపించలేకపోయిందని 2019 మేలో బోయింగ్ స్వయంగా ఒప్పుకొంది. సిమ్యులేటర్లకు ఎంతో పేరున్న రంగమది.

కొవ్వాడకు అదనంగా ఒక చిక్కుంది. సిమ్యులేటరును దేనితో పోల్చి చూడాలి? మొదటి రియాక్టరులో ఇంధనం నింపేనాటికే లైసెన్సు పొందిన ఆపరేటర్లు సిద్ధంగా ఉండాలి. వాళ్ల తర్ఫీదుకు అంతకు చాలా ముందే సిమ్యులేటరు కావాలి. కానీ అప్పటికి పోల్చడానికి పక్కన ప్లాంటు ఉండదు, డిజైన్ కాగితాలే ఉంటాయి. జార్జియాలోని వోగ్టిల్‌లో మూడు, నాలుగు యూనిట్లు కడుతున్నప్పుడు అమెరికాకు ఇదే చిక్కు ఎదురైంది. పోల్చే ప్లాంటు ఇంకా లేదు కాబట్టి సిమ్యులేటరుకు నియంత్రణ సంస్థ నుంచి ప్రత్యేక ఆమోదం తీసుకోవాల్సి వచ్చింది. అక్కడ మూడో యూనిట్ 2023 జులైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి. చైనాలోని సన్‌మెన్, హైయాంగ్‌లలో నాలుగు ఏపీ1000లు 2018 నుంచి వరుసగా ఉత్పత్తి మొదలుపెట్టాయి. అంటే మొత్తం ఆరు రియాక్టర్ల నిజమైన నడక చరిత్ర ప్రపంచంలో ఉంది.

ఆ చరిత్ర కొవ్వాడకు అందుతుందా? వెస్టింగ్‌హౌస్‌తో కుదుర్చుకునే ఒప్పందంలోనే ఈ సంగతి రాయించుకోవాలి. వోగ్టిల్‌లో టర్బయిన్ ట్రిప్ అయినప్పటి నిజమైన గీతలు, ఆరంభ పరీక్షల ఫలితాలు భారత అణు విద్యుత్ సంస్థ చేతికి రావాలి. ఇంకా ముఖ్యంగా, సిమ్యులేటరు లోపలి గణిత నమూనాను తెరిచి చూసే హక్కు, సవరించే హక్కు మన ఇంజినీర్లకు ఉండాలి. తాళం వేసిన పెట్టెను తెచ్చి పెట్టుకుంటే, ప్లాంటులో పంపు మార్చిన ప్రతిసారీ వెస్టింగ్‌హౌస్ వైపు చూస్తూ కూర్చోవాలి, దానికి వాళ్లు అడిగినంత కట్టాలి. రియాక్టరు ధర మీద జరిగే బేరసారాల మధ్య ఈ ఒక్క షరతు జారిపోవడం చాలా తేలిక.

మన దగ్గర చేతకాకపోవడం అంటూ ఏమీ లేదు. రావత్‌భాటా, కైగా, తారాపూర్, కూడంకుళంలలో ఆపరేటర్లకు సిమ్యులేటర్ల మీదే తర్ఫీదు ఇస్తున్నారు. డాక్టర్ ఏఎస్ రావు 1967లో హైదరాబాద్‌లో నిలబెట్టిన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ వ్యవస్థలతో పాటు ఆపరేటర్ల తర్ఫీదు సిమ్యులేటర్లూ తయారుచేసింది. కల్పాక్కంలో ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరుకు ఆ రియాక్టరు నడవకముందే సొంతంగా పూర్తి స్థాయి సిమ్యులేటరు కట్టుకుంది, డిజైన్ లెక్కలతో సరిచూసుకుంది. ప్లాంటు లేకుండా సిమ్యులేటరును పరీక్షించడం ఎలాగో తెలిసినవాళ్లు మద్రాసు పక్కనే ఉన్నారు. కొవ్వాడ ఒప్పందం రాసే బల్ల దగ్గర వాళ్లకూ, ఈసీఐఎల్‌కూ కుర్చీ వేయాలి.

ఏపీ1000కు ఇవన్నీ ఎందుకని కొందరు అడుగుతారు. కరెంటు మొత్తం పోయినా, ఆపరేటరు వేలు కదపకపోయినా 72 గంటల పాటు రియాక్టరు తనంతట తాను చల్లబడుతుందన్నది ఆ డిజైన్ గొప్ప. ఆ గొప్పను తక్కువ చేయనక్కర్లేదు. కానీ జపాన్‌లోని ఫుకుషిమా మొదటి యూనిట్‌లోనూ కరెంటు లేకుండా పనిచేసే ఐసోలేషన్ కండెన్సర్ ఉంది. 2011 మార్చి 11న సునామీ బ్యాటరీలను ముంచేశాక దాని వాల్వులు తెరిచి ఉన్నాయో మూసుకున్నాయో కంట్రోల్ రూమ్‌లో ఎవరికీ తెలియలేదు. అది నిజంగా పనిచేస్తుండగా చూసిన అనుభవం ఆ షిఫ్టులో ఎవరికీ లేదు. మనిషి అవసరం లేని వ్యవస్థను మనిషి ఎప్పుడూ చూసి ఉండడు. అది మొరాయించిన రోజున దాన్ని గుర్తుపట్టగలగాలంటే సిమ్యులేటరు మీదైనా ముందే చూసి ఉండాలి.

సొంత దేశంలో నరోరా ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని ఆ అణు విద్యుత్ కేంద్రంలో టర్బయిన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ బయటికి వచ్చి, నూనె అంటుకుని మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోవడంతో డీజిల్ జనరేటర్లు ఉన్నా వాటి కరెంటు చేరే దారి లేకపోయింది. పదిహేడు గంటలు ప్లాంటు మొత్తం చీకట్లో ఉండిపోయింది. కంట్రోల్ రూమ్ పొగతో నిండి సిబ్బంది బయటికి రావాల్సి వచ్చింది. కొందరు టార్చిలైట్లు పట్టుకుని మెట్లెక్కి, రియాక్టరు మళ్లీ రాజుకోకుండా బోరాన్ ద్రవాన్ని చేత్తో వాల్వు తిప్పి వదిలారు. మంటలార్పే డీజిల్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లు కొట్టారు. ఆ రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ల తెగువకు దేశం రుణపడి ఉంది. పొగ కమ్మిన కంట్రోల్ రూమ్‌ను వదిలి అనుబంధ కంట్రోల్ స్థానానికి ఎంతసేపట్లో వెళ్లగలరో, చీకట్లో ఏ వాల్వు ఎక్కడుందో, ముఖానికి మాస్కు పెట్టుకుని ఒకరి మాట ఒకరికి వినిపిస్తుందో లేదో కూడా కసరత్తులో భాగం కావాలి.

కొవ్వాడకు నప్పే కసరత్తులు అమెరికా పుస్తకంలో దొరకవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు, టవర్లు ఎలా నేలకూలాయో శ్రీకాకుళం జనానికి తెలుసు. జిల్లాలోని ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి తుపాను కొవ్వాడ మీదికి వస్తే గ్రిడ్ మూడు రోజుల్లో తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. రోడ్ల మీద చెట్లు పడి తర్వాతి షిఫ్టు సిబ్బంది ప్లాంటుకు చేరలేరు, ఉన్నవాళ్లే నిద్ర లేకుండా కొనసాగాలి. ఫోన్లు పనిచేయవు. సముద్రపు నీరు తీసుకునే చోట నాచు, చెత్త కొట్టుకొచ్చి పడుతుంది. ఒక యూనిట్‌కు కాదు, ఆరు యూనిట్లకూ ఒకేసారి. 72 గంటలు దాటిన తర్వాత నాలుగో రోజు ఏం జరుగుతుందో ఆడించి చూపగలిగే సిమ్యులేటరు కావాలి. హుద్‌హుద్, తిత్లీ నాటి గ్రిడ్ రికార్డులు రాష్ట్ర ట్రాన్స్‌కో దగ్గర ఉండే ఉంటాయి. వాటిని ఈ కసరత్తుల తయారీకి ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇదంతా జరుగుతోందని తెలిసేదెలా? అణుశక్తి నియంత్రణ మండలి 1983లో పుట్టింది. చట్టబద్ధమైన హోదా లేదన్న విమర్శను దశాబ్దాలు మోసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ అనే అణుశక్తి చట్టం ఆ హోదా ఇచ్చింది. అదే చట్టం అణు విద్యుత్‌లోకి ప్రైవేటు సంస్థలకూ దారి తెరిచింది. రేపు నడిపేవాళ్లు ఎక్కువవుతారు, లాభాల లెక్క చూసేవాళ్లూ ఉంటారు. సిమ్యులేటరు నిర్వహణ అనేది బడ్జెట్ కోతలో మొదట కనిపించే పద్దు. కాబట్టి మండలి తన కొత్త అధికారంతో చేయాల్సిన పనుల్లో ఇది ముందు వరుసలో ఉండాలి. ప్రతి కేంద్రంలోనూ సిమ్యులేటరు పరీక్షలను మండలి సొంత నిపుణులు దగ్గరుండి చూడాలి. ఎన్ని తేడాలు దొరికాయి, ఎన్ని సరిచేశారు, ఎన్ని గడువు దాటిపోయాయి అన్న లెక్కను ఏటా ప్రకటించాలి. ఇందులో దేశ రహస్యం ఏదీ లేదు. ఒక వాల్వు ఎన్ని సెకన్లలో మూసుకుంటుందో దాచిపెట్టాల్సిన అవసరం ఉండొచ్చు, ఆ వాల్వును సిమ్యులేటరులో సరిచేశారా లేదా అన్నది దాచాల్సిన అవసరం లేదు.

రేపు పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే రణస్థలం, ఎచ్చెర్ల మండలాల ప్రజాప్రతినిధులు పరిహారంతో పాటు ఇవి కూడా అడగాలి. సిమ్యులేటరు కొవ్వాడలోనే ఉంటుందా, ఇంకెక్కడైనా ఉంటుందా? ఆరు యూనిట్లకు ఒకటే అయితే, యూనిట్ల మధ్య తేడాలు వచ్చినప్పుడు ఏం చేస్తారు? మొదటి ఇంధనానికి ఎన్నేళ్ల ముందు అది సిద్ధమవుతుంది?

దీనిలో ఉద్యోగాల సంగతి కూడా ఉంది. అణు కేంద్రం వస్తే స్థానికులకు ఉద్యోగాలన్న హామీ చివరికి వాచ్‌మన్, తోటమాలి, కాంట్రాక్టు కూలి దగ్గర ఆగిపోతుందన్న అనుమానం ఈ ఊళ్లలో బలంగా ఉంది. సిమ్యులేటరును ప్లాంటుతో సమానంగా నడిపించుకురావడం మాత్రం రియాక్టరు ఆయుష్షు ఉన్నంత కాలం, అంటే అరవై ఏళ్ల పాటు సాగే నైపుణ్యం గల పని. ప్రాసెస్ ఇంజినీర్లు, ఇన్‌స్ట్రుమెంటేషన్ తెలిసినవాళ్లు, ప్రోగ్రామర్లు, పరీక్ష ఫలితాలను ఓపికగా సరిపోల్చేవాళ్లు కావాలి. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది. రియాక్టరు గణితం, థర్మల్ హైడ్రాలిక్స్, సాఫ్ట్‌వేరు పరీక్ష నేర్పే ఒక కోర్సు అక్కడ మొదలై, మొదటి బ్యాచ్ బయటికి వచ్చి, కైగాలోనో కూడంకుళంలోనో రెండేళ్లు చేతులు తిరిగేసరికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ కాలేజీలతో అణు విద్యుత్ సంస్థ మాట్లాడటం మొదలుపెట్టాల్సింది కొవ్వాడలో మొదటి కాంక్రీటు పోయకముందే.